దూడ తలమీద మెత్తటి గడ్డతో పుట్టిందా? గోదావరి డెల్టా పాడి రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

తలమీద నీటి సంచిలాంటి గడ్డతో దూడ పుట్టడం రోజూ చూసేది కాదు. పుర్రెలో పూడని కన్నం గుండా మెదడు చుట్టూ ఉండే నీరు బయటికొచ్చి చర్మం కింద నిలిస్తే ఇలాంటి గడ్డ వస్తుంది. అందుకే ఆ రోజున పశువుల మకాం దగ్గర చేరిన నలుగురూ నాలుగు మాటలు చెబుతారు. ఒకరు గుచ్చమంటారు, ఒకరు వాత పెట్టమంటారు, ఒకరు గ్రహణం అంటారు, ఇంకొకరు వదిలేయమంటారు. రైతులు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. మందుల మోతాదులు రాసింది డాక్టరు గారు ఏం చేస్తున్నారో మీకు అర్థం కావడానికే. ఇంట్లో సిరంజి పట్టుకోవడానికి కాదు.

## దూడ నేలమీద పడిన మొదటి గంటల్లో

నుదుటిమీద నిమ్మకాయంత మెత్తటి గడ్డతో దూడ పుట్టిందండీ. ముందు ఏం చెయ్యాలి?

గడ్డని ముట్టుకోకుండా ముందు దూడ సంగతి చూడండి. ముక్కులో, నోట్లో ఉన్న జిగురు వేళ్లతో తీసి, పొడి గోనెపట్టాతో ఒళ్లు రుద్దండి. ఊపిరి అందని దూడని వెనక కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం మనకు అలవాటు. ఈ దూడకి అది పనికిరాదు. తల కిందికి వాలిన కొద్దీ సంచిలోకి నీరు దిగి, పైచర్మం బిగిసి పలచబడుతుంది. బదులుగా కాళ్లు మడిచి బోర్లా కూర్చోబెట్టి, గడ్డిపరకతో ముక్కులోపల గిలిగింత పెట్టండి. తుమ్మి తనే ఊపిరి తీసుకుంటుంది. బొడ్డుతాడుకి పొట్టనుంచి రెండంగుళాల కింద దారం కట్టి, మిగిలింది కత్తిరించి, టించర్ అయోడిన్‌లో ముంచండి.

ఆ తర్వాత గడ్డమీద చర్మం చూడండి. ఎక్కడా చిరుగు లేకుండా ఉంటే అర్ధరాత్రి పరుగులు పెట్టక్కర్లేదు, తెల్లవారాక డాక్టరుకి చూపించవచ్చు. చర్మం చిరిగి నీళ్లలాంటి ద్రవం కారుతుంటే మాత్రం ప్రతి గంటా లెక్కే. మెడికల్ షాపులో దొరికే సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గాజుగుడ్డ దానిమీద కప్పి, వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి. పసుపు, బూడిద, పొడిమందులు ఏవీ చల్లకండి. ఆ చిరుగు లోపలి దారి మెదడు దగ్గరికే వెళ్తుంది.

తల్లి గేదె ఆపకుండా నాకుతోంది. నాకనివ్వాలా?

ఒంటిని నాకనివ్వండి, తలని వద్దు. గేదె నాలుక ఆకురాయిలా గరుకు. గడ్డమీద చర్మం కొన్నిసార్లు ఉల్లిపొరంత పలచగా ఉంటుంది, పది నిమిషాలు నాకితే ఊడొస్తుంది. అలాగని దూడని కంటికి కనిపించకుండా దూరంగా కట్టేస్తే గేదె చేపదు, ముర్రుపాలు రావు. దూడ నడుము, తోక తల్లి మూతికి అందేలా, తల అవతలివైపు ఉండేలా ఒక మనిషి పట్టుకుని కూర్చోవడమే మార్గం.

గడ్డకి గుడ్డ చుట్టాలా? ఎలా కట్టాలి?

బిగించి కట్టకూడదు. సంచిని నొక్కితే లోపలి నీరు మెదడు చుట్టూ ఉన్న ఖాళీలోకి వెనక్కి వెళ్లి తలలో ఒత్తిడి పెరుగుతుంది. దూడ కళ్లు తేలేయడం, ఫిట్స్‌లా కొట్టుకోవడం అప్పుడే చూస్తాం.

కావలసింది గోడకో, గుంజకో గడ్డ తగలకుండా చిన్న అడ్డు. బిందె మోయడానికి ఆడవాళ్లు నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు గుర్తు తెచ్చుకోండి. ఉతికి ఎండబెట్టిన పాత నూలు తువ్వాలు పొడవుగా మెలితిప్పి, గడ్డకంటే రెండు వేళ్లు వెడల్పుగా గుండ్రంగా చుట్టండి. గడ్డ ఆ కన్నం మధ్యలో ఉండాలి, చుట్ట గడ్డకంటే ఎత్తుగా ఉండాలి. చుట్టకి రెండు గుడ్డపేలికలు కట్టి, ఒకటి చెవుల ముందునుంచి, ఒకటి చెవుల వెనకనుంచి గవదకిందకి తెచ్చి ముడివేయండి. ముడి కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. పైన పలచటి తడి గాజుగుడ్డ పరిస్తే ఈగలు వాలవు. పగలు పశువుల మకాం దగ్గర కాకులతో ఇంకో బాధ. ఎర్రగా మెరిసేది ఏది కనిపించినా పొడుస్తాయి. దూడని ఆరుబయట ఒంటరిగా వదలకండి.

ముర్రుపాలు ఎన్ని పట్టాలి? లేచి నిలబడలేకపోతోంది.

బరువులో పదోవంతు, 24 గంటల్లో. 30 కిలోల గేదెదూడకి 3 లీటర్లు. అందులో లీటరు నుంచి లీటరున్నర మొదటి రెండు గంటల్లోనే లోపలికి వెళ్లాలి, మిగతాది మూడు నాలుగు విడతల్లో. ముర్రుపాలలోని రోగనిరోధక శక్తిని దూడ పేగులు పీల్చుకునేది మొదటి రోజే, గంట గంటకీ అలా పీల్చుకునే గుణం తగ్గిపోతుంది. తర్వాత ఆపరేషన్ అయ్యే దూడకి ఇది మరీ ముఖ్యం.

దూడని బోర్లా కూర్చోబెట్టి, రబ్బరు పీకున్న సీసాతో, మెడ వీపుకి సమంగానో కాస్త ఎత్తులోనో ఉంచి తాగించండి. వెదురు గొట్టంతో గొంతులో పోయడం వద్దు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందుగా శుభ్రమైన వేలు నోట్లో పెట్టి చూడండి. గట్టిగా చప్పరిస్తే సీసా పట్టగలదు. చప్పరించకపోతే డాక్టరు గొట్టం వేసి పొట్టలోకి పోయాల్సి ఉంటుంది. ఇంటిల్లిపాదికీ జున్ను మీద ఆశ ఉండటం సహజమే, దూడ వాటా పోయాకే గిన్నె పట్టండి.

సూదితో గుచ్చి నీరు తీసేస్తే తగ్గిపోదా? మా ఊళ్లో వాత పెడతామంటున్నారు.

తగ్గదు, మళ్లీ నిండుతుంది. లోపల ఉన్నది చీమూ కాదు, చెడునీరూ కాదు. మెదడు చుట్టూ నిరంతరం ఊరే నీరు అది. పుర్రెలో పూడని కన్నం గుండా బయటికొచ్చి చర్మం కింద సంచిలా నిలిచింది. ఎంత తీసినా లోపల ఊరుతూనే ఉంటుంది. పాకలో గుచ్చిన సూది మొన మీది సూక్ష్మజీవులు మాత్రం నేరుగా మెదడు పొరలకి చేరతాయి. రెండు మూడు రోజుల్లో జ్వరం, మెడ బిగుసుకోవడం, ఫిట్స్ వస్తాయి. ఆ తర్వాత దక్కించుకోవడం చాలా కష్టం. సంచిలో మెదడు భాగం కూడా ఉంటే సూది గుచ్చేది దానికే.

వాత ఇంకా నష్టం. ఆపరేషన్‌లో కన్నం మీద కప్పడానికి పనికొచ్చే మంచి చర్మాన్ని మన చేతులతో మనమే కాల్చేసినట్టు.

## అసలు ఇదేమిటి, ఎలా తేలుస్తారు

కష్టపడి ఈనింది. దూడ తలంతా వాచింది. ఇది కూడా పుట్టుకతో వచ్చిన లోపమేనా?

చాలాసార్లు కాదు. తల దారిలో ఇరుక్కుని ఎక్కువసేపు ఉంటే మూతి, నాలుక, నుదురు మొత్తం వాస్తాయి. ఆ వాపు వేలితో నొక్కితే గుంట పడుతుంది, అంచు తెలియదు, రెండు మూడు రోజుల్లో దానంతట అదే దిగుతుంది. తాడో, చెయ్యో తగిలి నెత్తురు చేరిన గడ్డ పుట్టిన కొన్ని గంటలకి పెరుగుతుంది. కింద ఎముక గట్టిగానే ఉంటుంది.

పుర్రె లోపం వల్ల వచ్చిన గడ్డ సాధారణంగా నుదుటి మధ్యలోనో నడినెత్తి మీదో, సరిగ్గా మధ్యగీత మీద ఉంటుంది. పుట్టిన క్షణం నుంచే ఉంటుంది. మెల్లగా తడిమితే దాని అడుగున ఎముక ఉంగరంలా తగిలి మధ్యలో ఖాళీ తెలుస్తుంది. పసిపిల్లల మాడు తడిమిన చేతికి ఇది వెంటనే తెలిసిపోతుంది. దూడ అరిచినా, గింజుకున్నా గడ్డ కాస్త బిగుస్తుంది.

లోపల నీరే ఉందా, మెదడు కూడా ఉందా అని డాక్టరుకి ఎలా తెలుస్తుంది?

దూడ ప్రాణం ఆధారపడే ప్రశ్న ఇదే, అందుకే కొంచెం వివరంగా. పుర్రె పూడకుండా కన్నం మిగిలిపోవడాన్ని క్రేనియం బైఫిడమ్ అంటారు. ఆ కన్నం గుండా మెదడు పొరలు, నీరు మాత్రమే బయటికొస్తే మెనింగోసీల్. పొరలతో పాటు మెదడు ముక్క కూడా వస్తే మెనింగో ఎన్‌సెఫలోసీల్. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. గడ్డ పెద్దదైతే ప్రమాదం, చిన్నదైతే క్షేమం అనుకోకండి. కొబ్బరికాయంత సంచిలో ఉత్త నీరే ఉండొచ్చు, జామకాయంత దానిలో మెదడు ఉండొచ్చు.

చీకట్లో గడ్డకి ఒక పక్క టార్చి ఆనించి చూస్తే ఉత్త నీరున్న సంచి కోడిగుడ్డులా లేత ఎరుపులో వెలుగుతుంది. లోపల నీడ కనిపిస్తే గట్టి పదార్థం ఏదో ఉన్నట్టు. వెంట్రుకలు ఎక్కువున్న దూడలో ఇది సరిగా తెలియదు. ఎక్స్-రేలో ఎముక కన్నం ఎంత వెడల్పో తెలుస్తుంది, లోపలున్నది నీరో మెదడో తెలియదు. దానికి అల్ట్రాసౌండ్ కావాలి. మామూలుగా పుర్రె ఎముక అడ్డొచ్చి మెదడు స్కానింగ్‌లో కనిపించదు. ఈ దూడకి అక్కడ ఎముకే లేదు కాబట్టి లోపల బాగా కనిపిస్తుంది: నీరు నల్లగా, మెదడు ముక్క బూడిదరంగులో. అవసరమైతే డాక్టరు వెంట్రుకలు గొరిగి, శుభ్రం చేసి, సన్నటి సూదితో చుక్క ద్రవం తీసి చూస్తారు. మంచినీళ్లలా తేటగా వస్తే మెదడు నీరు, మబ్బుగా వస్తే చీము పట్టినట్టు.

గడ్డ లేదు, తల మొత్తం గుమ్మడికాయలా గుండ్రంగా ఉంది. దీనికీ ఆపరేషన్ ఉందా?

ఇది తలలో నీరు చేరడం, హైడ్రోసెఫలస్. నీరు మెదడు లోపలి గదుల్లో నిండి మెదడుని పలచటి పొరలా చేసేస్తుంది. ఇలాంటి దూడలు చాలావరకు నిలబడవు, పాలు చప్పరించవు, చూపు ఉండదు. మనుషుల్లో నీరు పొట్టలోకి మళ్లించే గొట్టం వేస్తారు. పాడిదూడల్లో దానివల్ల ప్రయోజనం దాదాపు లేదు, ఖర్చు పెట్టమని చెప్పలేం. ఈనేటప్పుడు పెద్ద తల అడ్డం పడితే మాత్రం లాగకండి. పుర్రె మెత్తగా ఉంటే డాక్టరు లోపలే నీరు తీసి తలని చిన్నది చేసి దూడని తీస్తారు, తల్లి దక్కుతుంది.

పాలు తాగితే ముక్కులోంచి వస్తున్నాయి. మూతి కూడా కొంచెం వంకర.

నోరు తెరిచి టార్చితో అంగిలి చూడండి. మధ్యలో చీలిక ఉంటే పాలు ముక్కులోకి, అక్కడినుంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. సీసా ఆపి, డాక్టరు వేసే గొట్టంతోనే పాలు పట్టాలి. పెద్ద చీలికలకి కుట్లు నిలవడం కష్టం. పై దవడ కొద్దిగా పక్కకి తిరిగి, అంగిలి బాగుంటే దూడ బతుకుతుంది. పొదుగు పట్టలేకపోతే సీసా అలవాటు చేయండి, పళ్లు కలవక మేత నెమ్మదిగా తింటుందంతే.

ఈ దూడ బతుకుతుందో లేదో మేమే ఎలా అంచనా వేసుకోవాలి?

పాలు పట్టుకునే తీరు చూడండి. వేలు గట్టిగా చప్పరిస్తూ, కొన్ని గంటల్లో లేచి, తల్లి పొదుగు వెతుక్కునే దూడకి సాధారణంగా ఆశ ఎక్కువే. ఒకే వైపు గుండ్రంగా తిరగడం, తల వెనక్కి విరుచుకోవడం, కనుగుడ్లు ఆగకుండా ఊగడం, ఫిట్స్ కనిపిస్తే మెదడుకి కూడా లోపం ఉన్నట్టే. కంటి ముందు చెయ్యి ఊపితే రెప్ప వేయలేదని గుడ్డిదనుకోకండి. పుట్టిన దూడలకి ఆ అలవాటు కొన్ని రోజులకి గానీ రాదు. టార్చి వేస్తే కనుపాప ముడుచుకుంటోందా అన్నది చూడాలి.

ఎక్కడికి తీసుకెళ్లాలి? ఆటోలో ఎలా పడుకోబెట్టాలి?

ముందు మీ మండలం పశువుల ఆసుపత్రి. కదల్చలేని స్థితిలో ఉంటే 1962కి ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఎక్స్-రే, అల్ట్రాసౌండ్, సర్జన్ కావాలంటే పెద్ద పశువైద్యశాలకో, కృష్ణా జిల్లా గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికో పంపుతారు. బయల్దేరే ముందు ఫోన్ చేసి ఆ రోజు సర్జన్ ఉన్నారో లేదో కనుక్కోండి. రాజోలు నుంచో నరసాపురం నుంచో అంత దూరం వెళ్లి సెలవని తిరిగి రావడం దూడకి మంచిది కాదు.

ఆటోలో జానెడు మందాన వరిగడ్డి పరిచి, దూడని బోర్లా కూర్చోబెట్టి, తల మనిషి ఒడిలో ఎత్తుగా ఉంచండి. కాళ్లు కట్టకండి. పాలు తాగించిన రెండు గంటల తర్వాత బయల్దేరితే దారిలో కక్కదు. రెండో విడత పాలు సీసాలో వెంట తీసుకెళ్లండి.

## ఆపరేషన్

పుట్టిన ఎన్నో రోజున చేయించాలి?

చర్మం బాగుంటే పుట్టిన రోజే తొందరపడక్కర్లేదు. ముర్రుపాలు తాగి, ఒంట్లో వేడి నిలిచి, పేడ వేసి, నాలుగైదు రోజులు నిలదొక్కుకున్న దూడ మత్తుని బాగా తట్టుకుంటుంది. అలాగని నెలలు ఆగకూడదు. దూడ గెంతడం మొదలుపెట్టాక గడ్డ దేనికో ఒకదానికి తగులుతుంది. చర్మం చిరిగి నీరు కారుతుంటే అదే రోజు చేయాలి. మూడో రోజుకి వాయిదా వేస్తే కుట్టేది చీము పట్టిన గాయాన్నే.

అంత చిన్న దూడకి మత్తు ఎలా ఇస్తారు? పాలు మాన్పించాలా?

రోజుల దూడని గంటల తరబడి పస్తు పెడితే రక్తంలో చక్కెర పడిపోతుంది. రెండు గంటల ముందు పాలు ఆపితే చాలు, డాక్టరు వేరే చెబితే అది పాటించండి. మగతకి జైలజిన్ వాడితే కిలోకి 0.05 మిల్లీగ్రాము చొప్పున 30 కిలోల దూడకి 1.5 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములున్న సీసాలోంచి అది 0.075 మిల్లీలీటరు, అంటే పదో వంతు కూడా కాదు. అందుకే ఇన్సులిన్ సిరంజితో కొలుస్తారు. పెద్ద పశువు లెక్కన అందాజుగా ఇస్తే ఊపిరి ఆగుతుంది.

గడ్డ చుట్టూ తిమ్మిరికి లిగ్నోకెయిన్ ఇస్తారు. దూడకి కిలోకి 5 మిల్లీగ్రాములు దాటకూడదు. 30 కిలోలకి 2 శాతం మందు 7.5 మిల్లీలీటర్లే హద్దు. చుట్టూ ఇవ్వడానికి అది సరిపోదు కాబట్టి అంతే సెలైన్ కలిపి 15 మిల్లీలీటర్లు చేస్తారు.

ఇక్కడ బరువు సరిగా తెలియడం ముఖ్యం. కాటా లేకపోతే టేపుతో అంగుళాల్లో కొలవండి: ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టు, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు. చుట్టుని చుట్టుతో హెచ్చించి, పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు. చుట్టు 28, పొడవు 24 ఉన్న దూడ సుమారు 28.5 కిలోలు.

ఆపరేషన్‌లో అసలు ఏం చేస్తారు?

దూడని బోర్లా పెట్టి, తల కింద దిండు వేసి ఎత్తుగా ఉంచుతారు. గొరిగి, శుభ్రం చేశాక గడ్డ మొదట్లో కన్ను ఆకారంలో చర్మం కోస్తారు. గడ్డ శిఖరం మీది పలచటి చర్మం వదిలేసి, మూయడానికి సరిపడా మంచి చర్మం మిగుల్చుకోవడానికే ఆ ఆకారం. తర్వాత చర్మాన్ని సంచి నుంచి నెమ్మదిగా విడదీస్తూ ఎముక అంచు దాకా దిగుతారు. సంచి తెగకుండా ఇక్కడిదాకా రావడమే ఈ ఆపరేషన్‌లో ఎక్కువ సమయం పట్టే పని.

సంచి మెడ కనిపించాక చిన్న గాటుతో నీటిని కొద్దికొద్దిగా వదులుతారు. ఒక్కసారిగా వదిలితే తలలో ఒత్తిడి ఢమాలున పడి ఊపిరి, గుండె తడబడతాయి. లోపల ఉత్త నీరే అయితే సంచి మెడని కరిగిపోయే దారంతో గుచ్చి కట్టి, పైభాగం కోసేస్తారు. మెదడు ముక్క ఉండి, రంగు బాగుంటే దాన్ని మెల్లగా లోపలికి జరుపుతారు. పట్టకపోతే బలవంతంగా నొక్కకూడదు. అక్కడే చాలా దూడలు పోతాయి. కట్టిన మొదలు మీద పక్కనున్న ఎముకపొరని లాగి కుడతారు. కన్నం వెడల్పుగా ఉంటే పాలీప్రొపిలీన్ జాలీ వేస్తారు, హెర్నియాకి వాడేదే. చివరగా చర్మం నైలాన్ కుట్లతో మూస్తారు.

ఎముక కన్నం అలాగే ఉండిపోతుందా?

చిన్న కన్నం గట్టి కండపొరతో నిండి, వయసుతో చాలావరకు బిగుస్తుంది. పెద్దది మెత్తగానే మిగలొచ్చు. అక్కడ పలుపు, తలుగు రాసుకోకుండా కట్టండి. సంకర ఆవుదూడకి కొమ్ములు కాల్పించాలనుకుంటే ముందు కన్నం ఎంత దూరంలో ఉందో డాక్టరుకి చెప్పండి. వేడి ఇనుము సెగ పలచటి పుర్రె గుండా మెదడుని తాకుతుంది.

దున్నదూడండీ ఇది. ఇంత ఖర్చు పెట్టడం అవసరమా?

మొహమాటం లేకుండా చెప్పాలంటే, పాలు బాగా తాగుతూ ఉత్త నీటి సంచి ఉన్న దూడకి ఆపరేషన్ దండగ కాదు. గేదె చేపడానికి దూడ పక్కన ఉండటం మీ పాల లెక్కలో కూడా కలుస్తుంది. సంచిలో మెదడు ఉండి, ఫిట్స్ వస్తున్న దూడకి ఆపరేషన్ చేయించడం దూడకీ మీకూ బాధే, అది పెయ్యయినా సరే.

బతకదని డాక్టరు తేల్చారు. ఇప్పుడేం చెయ్యాలి?

బాధ పడుతుంటే నొప్పి తెలియకుండా ప్రాణం తీసే సూది డాక్టరు మాత్రమే ఇవ్వగలరు. కబేళాకి ఇవ్వడం కుదరదు, 1977 నాటి రాష్ట్ర చట్టం ఆవులతో పాటు గేదెదూడల వధని కూడా నిషేధించింది. కళేబరాన్ని కాలువలోనో మురుగుకోడులోనో పడేయకండి. డెల్టాలో మూడు నాలుగడుగులకే నీరు పడుతుంది కాబట్టి మెరక చూసి, చేతిపంపుకీ చెరువుకీ దూరంగా గొయ్యి తీసి, సున్నం చల్లి, కుక్కలు తవ్వకుండా పైన ముళ్లకంప వేయండి. రెండు తలలతోనో వింత ముఖంతోనో పుట్టిన దూడైతే జనం తిరునాళ్లకి వచ్చినట్టు వస్తారు. ఫోటోలు తీసుకోనిస్తే తీసుకోనివ్వండి గానీ, పసుపు కుంకుమ పెట్టి మూడు రోజులు ప్రాణంతో నిలబెట్టడం మాత్రం పాపమే.

## ఇంటికి తెచ్చాక

కుట్లతో ఇంటికొచ్చింది. ఎక్కడ ఉంచాలి, పాలెప్పుడు పట్టాలి?

మత్తు పూర్తిగా దిగి తనంతట తాను తల నిలబెట్టాకే పాలు. మొదటిసారి అరలీటరు పట్టి, గుటక సరిగా వేస్తోందో చూడండి. తర్వాత రోజు పాలని నాలుగు విడతలు చేయండి. పెద్ద దూడలతో కలపకుండా, పొడి గడ్డిమీద, ఇటుక గోడకి దూరంగా కట్టండి. తల్లి దగ్గరికి వదిలినప్పుడల్లా ఒకరు తల పట్టుకుని ఉండాలి. దూడ పాలకోసం పొదుగుని తలతో కుమ్ముతుంది, కుట్లు తెగేది అక్కడే. అందుకే కనీసం పది రోజులు సీసాతో పట్టడం మేలు.

వానాకాలంలో ఈగలతోనే అసలు గొడవ. పురుగులు పడితే కర్పూరతైలం, ఫినాయిల్ పోయడం మన అలవాటు. తల కుట్లమీద అవి చుక్క కూడా పడకూడదు. సాయంత్రం పొగ వేస్తే పక్కనుంచి గాలి ఆడేలా చూడండి, దూడ ఊపిరితిత్తులు అసలే లేతవి.

ఇంజెక్షన్లు ఎన్ని రోజులు? మూడో రోజుకే గెంతుతోంది, ఆపేయొచ్చా?

ఆపకండి. యాంటీబయాటిక్ సాధారణంగా 5 నుంచి 7 రోజులు. మూడో రోజు గెంతుడు చూసి మానేస్తే ఆరో రోజు మెదడు పొరల జ్వరం. నొప్పికి మెలాక్సికామ్ కిలోకి 0.5 మిల్లీగ్రాము, 30 కిలోలకి 15 మిల్లీగ్రాములు. షాపువాళ్లు పశువులకి డైక్లోఫెనాక్ ఇస్తే తీసుకోకండి, రాబందుల చావుకి కారణమైందని దాన్ని 2006లోనే పశువులకి నిషేధించారు. కుట్లు 10 నుంచి 14 రోజులకి తీస్తారు.

ఏం కనిపిస్తే వెంటనే ఫోన్ చెయ్యాలి?

కుట్ల సందులోంచి నీళ్లలా తేటగా కారితే అదే పూట ఫోన్ చేయండి. గాయం చెమ్మ అనుకోకండి. గాయం నీరు పలచటి ఎరుపులో ఉండి తగ్గుతూ పోతుంది, మెదడు నీరు తేటగా ఆగకుండా వస్తుంది. థర్మామీటరు మలద్వారంలో రెండు నిమిషాలు పెట్టి పొద్దున, సాయంత్రం రాసుకోండి. 103.5 డిగ్రీలు దాటితే చెప్పాలి. పళ్లు నూరడం, మెడ బిగుసుకుని ఆకాశం వైపు చూడటం, చప్పుడుకి ఉలిక్కిపడి కొట్టుకోవడం ప్రమాద సూచనలు. ఇవి ఎక్కువగా రెండో రోజు నుంచి ఐదో రోజు మధ్య బయటపడతాయి. నాలుగైదు వారాల తర్వాత నుదురు మళ్లీ ఉబ్బుతుంటే, లోపల నీరు చేరుతున్నట్టు అనుమానించాలి.

## ఎందుకొచ్చింది, మళ్లీ రాకుండా

చూడితో ఉన్నప్పుడు గ్రహణం పట్టింది. దానివల్లేనా?

కాదు. మెదడు, వెన్ను తయారయ్యే గొట్టం మూసుకునేది చూడి కట్టిన మొదటి నెలలోనే. అప్పటికి మీరింకా గేదె మళ్లీ ఎదకొస్తుందేమోనని చూస్తుంటారు. చూడి పరీక్ష చేయించే నాటికే ఈ లోపం ఏర్పడి ఉంటుంది. ఏడో నెలలో పట్టిన గ్రహణానికీ, పొలంలో కాలు జారి పడటానికీ దీనితో సంబంధం లేదు.

జలగల మందు తాగించాం. అదేమైనా కారణమా?

ఏ మందు, ఎప్పుడు అన్నదాన్ని బట్టి. డెల్టాలో కాలువ నీళ్లు, నత్తలు ఉన్నచోట కార్జపు జలగలు తప్పవు కాబట్టి మందు మానలేం. కానీ ఆల్బెండజోల్ చూడి మొదటి 45 రోజుల్లో ఇవ్వకూడదు, పిండం అవయవాలు చెడగొట్టగలదు. చిక్కేమిటంటే, ఊళ్లో శిబిరం పెట్టిన రోజున గేదె ఇరవయ్యో రోజు చూడిదని ఎవరికీ తెలియదు. చూడి కట్టడానికి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన తేదీ పాక దూలం మీద సుద్దతో రాసిపెట్టి, శిబిరంలో ముందు అదే చెప్పండి. అలాంటి పశువుకి ఆక్సీక్లోజనైడ్ లాంటి వేరే మందు ఇస్తారు.

మేతలో లోపం వల్ల వస్తుందా?

విటమిన్ ఎ బాగా తక్కువైన తల్లులకి గుడ్డి దూడలు, తలలో నీరున్న దూడలు పుడతాయి. ఎండు వరిగడ్డిలో అది దాదాపు ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేశాక గడ్డి, తవుడు తప్ప ఇంకేమీ దొరకని మకాంలలో దీన్ని గుర్తుంచుకోవాలి. వరి కోతల తర్వాత చల్లిన పిల్లిపెసరని పచ్చదనం పోకుండా నీడలో ఆరబెట్టి దాచుకోవడం, బోరు కింద నాలుగు సెంట్లైనా సూపర్ నేపియర్ పచ్చిగడ్డి వేసుకోవడం ఖనిజ మిశ్రమం డబ్బాకంటే ముందు చేయాల్సిన పనులు. కొన్ని వైరస్‌లు కూడా చూడితో ఉన్నప్పుడు సోకి దూడ మెదడుని దెబ్బతీస్తాయి. ఒకే సీజన్‌లో ఊళ్లో రెండు మూడు దూడలు ఇలా పుడితే డాక్టరుకి తప్పక చెప్పండి, రక్తం నమూనాలు తీస్తారు.

తల్లి పాలు వాడుకోవచ్చా?

నిరభ్యంతరంగా. దూడ పుర్రె లోపం పాలలోకి రాదు, మనుషులకి అంటదు.

మళ్లీ అదే ఆంబోతు సూది వేయించొచ్చా?

వద్దు, వేరేది అడగండి. ఒక్క దూడని చూసి జన్యులోపం అని తేల్చలేం గానీ, అదే జోడీని మళ్లీ కలపాల్సిన అవసరమూ లేదు. సూది వేసినవాళ్ల రిజిస్టరులో స్ట్రా (వీర్యం నింపిన సన్నటి గొట్టం) మీది ఆంబోతు నంబరు ఉంటుంది. దాన్నీ, తల్లి చెవి పోగు 12 అంకెలనీ ఆసుపత్రిలో రాయించండి. ఇంకో ఊళ్లో అదే నంబరుకి ఇలాంటి దూడ పుడితే అప్పుడు పట్టుకోగలుగుతారు. ఊరి దున్నతో దాటించేవాళ్లు దాని కూతుళ్లకే అది దాటుతోందేమో చూసుకోవాలి. మూడు నాలుగేళ్లకి మించి ఒకే దున్న ఊళ్లో ఉంటే జరిగేది అదే.

ఆపరేషన్ చేయించిన పెయ్య బాగుంది. పెంచి చూడి కట్టించొచ్చా?

పాలకి ఉంచుకోవచ్చు. చుట్టరికం లేని ఆంబోతు సూది వేయించి, మొదటి ఈతలో పుట్టిన దూడ తల, అంగిలి, వెన్ను తడిమి చూడండి. దానిలోనూ లోపం కనిపిస్తే ఆ పెయ్యకి ఇంక చూడి కట్టించకండి. దున్నదూడైతే ఎంత బలంగా ఎదిగినా ఊరిమీదకి దున్నగా వదలకండి.